శోభనాద్రిగారి పచ్చిక

మృగశిరకార్తె తొలివానలకు తడిసిన భీమునిపట్నమున సముద్రశీకరసంవలితమందమారుతము మేల్కొనీ మేల్కొనని కొబ్బరితోపుల నుయ్యెలలూపుచు ఉదయారుణకాంతిలో స్వప్నమువలె సంచరించుచుండెను. ఆ వేళ, పక్షవాతపీడితుడై యేడుమాసములు మంచము విడువని విశ్రాంతోపాధ్యాయుడు శోభనాద్రి, భార్యయగు సుభద్రాంబ భుజమూతగా ఇంటిముంగిటి పచ్చికపై వట్టికాళ్లతో మరల నడక నేర్చుకొనుచుండెను. స్పర్శ నశించిన కుడిపాదమునకు తుషారసిక్తతృణముల చల్లదన మొక్కటియే లీలగా దెలియుచుండెను.

అట్టి పచ్చిక పదిదినములలో మచ్చలు మచ్చలుగా బసుపువారెను. నీరు పోసినను దేరలేదు. పొరుగింటివారు పురుగుమందు డబ్బా యొకటి తెచ్చియిచ్చిరి. దానిని చేతబట్టుకొని సుభద్రాంబ భర్తృనగ్నపాదములను దలచుకొని చాలసేపు నిలిచిపోయెను. చల్లినచో విషము, చల్లకున్న పచ్చిక చచ్చి నడక యాగును.

తోటపనికి వచ్చు నూకాలు ఎండినచోట గడ్డిని పిడికిట బట్టి లాగగా నది చాపవలె లేచివచ్చెను. క్రింద అర్ధచంద్రాకారమున ముడుచుకొనిన తెల్లని పురుగులు వేళ్లను గొరుకుచుండెను.

"మందొద్దమ్మగోరూ! ఏపగింజల రసం పోద్దాం. గోరింకల్ని తోలకండి, అయ్యే ఏరుకు తింటాయి. నెల్లాళ్లు ఓపిక పట్టాలంతే."

"నెల్లాళ్లా! అంతవరకూ ఈయన ఎక్కడ నడుస్తారే? వచ్చిన నాలుగడుగులూ మరిచిపోతారేమో!"

అరుగుపై గూర్చున్న శోభనాద్రి తడబడు నాలుకతో "ఆగుదాం" అనెను.

నానబెట్టి దంచిన వేపగింజల రసమును వడగట్టి సాయంకాలములందు వేళ్లు తడియునట్లు పోసిరి. గడ్డిని మట్టముగా గోయుట మానిరి. నూకాలు పెళ్లగించినచోట్ల ప్రాతఃకాలమున గోరువంకలు పచ్చనిముక్కులతో మన్ను గెలుకుచు నిర్భయముగా విహరించుచుండగా శోభనాద్రి అర్ధనిమీలితనేత్రుడై వాని నడకనే చూచుచుండెను. సుభద్రాంబమాత్రము ప్రతిదినము ఆ నిశ్చలపాదమును నూనెతో మర్దించుచు లోలోన భయపడుచుండెను.

ఆషాఢమున వట్టినేలపై సూదులవలె గ్రొత్తచిగుళ్లు లేచెను. ఒక మబ్బుపట్టిన యుదయమున నామె భర్తను వానిపై నిలువబెట్టెను. ఆయన కుడికాలు మోపి చకితుడై యాగెను.

"ఏమండీ, నొప్పా?"

"సుభద్రా... గుచ్చుకుంటోంది."

ఆమె కనులు చెమర్చెను. అయినను ఆ పాదము నక్కడినుండి తొలగింప నామెకు మనసొప్పలేదు.