ఇరవయ్యయిదో నంబరు కన్ను

"ఐపీస్ వచ్చిందోయ్ ప్రేమదాసూ! ఆరున్నరకి బడి ఆవరణలో పెడతాను, అందర్నీ రమ్మను!" అంది రెబ్కా టీచరు, పోస్టులో వచ్చిన చిన్న డబ్బీని గుండెకు హత్తుకుని.

బడి బంట్రోతు ప్రేమదాసు చెవికెక్కింది వేరు. "ఐపీఎస్ వచ్చాడంట! ఆరున్నరకి బళ్లో మీటింగు పెడతాడంట!" అని చీరాల దాపునున్న ఆ నేతగాళ్ల ఊరంతా చాటేశాడు. పేకముక్కలు చూర్లలో దాక్కున్నాయి. మిరపకాయల వ్యాపారి, బడి కమిటీ ప్రెసిడెంటు అంకారావు బంతిపూల దండతో దిగాడు.

తీరా వస్తే మూడు కాళ్ల మీద టెలిస్కోపు, పక్కన రెండు కాళ్ల మీద టీచరు.

"ఏడమ్మా ఐపీఎస్?"

"లోపలుందండీ, ఇప్పుడే పెట్టాను," అంది టీచరు గొట్టం సర్దుతూ.

ఆఫీసరు గదిలో ఉన్నాడనుకుని అంకారావు దండ పట్టుకుని తలుపు వైపే చూస్తూ నిలబడ్డాడు.

సైన్సు ఫెయిర్లో పిల్లలు గెల్చుకున్న టెలిస్కోపు అది. కన్ను పెట్టే చోట బిగించే బుల్లి కటకమే ఐపీస్. పెట్టెలో నాలుగో నంబరుది ఒక్కటే వచ్చింది. పెట్టె మీద 'నూటడెబ్బయ్యయిదు రెట్లు' అని అచ్చేశారు. రెండు నెలలు చూసినా గ్రహం కనపడలేదు, అంకారావు ఆగ్రహమే కనపడింది. సంక్రాంతి దాటాక ఆయన తేల్చి చెప్పాడు: ఈసారీ కనపడకపోతే గొట్టం తన ఇంటి షోకేసులోకే. కటకం కోసం కటకటపడి టీచరు కంపెనీకి రెండు ఉత్తరాలు రాస్తే, ఇవాళ ఇరవయ్యయిదో నంబరుది వచ్చింది.

"ఇరవయ్యయిదా! నాలుగు కంటే పెద్దదేగా. రెట్లెన్ని?" అన్నాడు అంకారావు.

"ఇరవై ఎనిమిది. గొట్టం ముందున్న పెద్ద కటకం నాభ్యంతరం ఏడొందల మిల్లీమీటర్లు. దాన్ని ఐపీస్ నంబరుతో భాగిస్తే రెట్లు."

"నంబరు పెరిగితే రెట్లు తగ్గుతాయా? అందరూ వచ్చిన రోజే నా చెవిలో పూలు పెడతావేమ్మా? దండ ఉంది చాల్లే! నూటడెబ్బయ్యయిదు పెట్టు. లేదా గొట్టం నా బండెక్కించు."

"పెట్టనండీ."

జనం రెండడుగులు వెనక్కి తగ్గారు. ప్రెసిడెంటుతో ఆ మాట ఆ ఊళ్లో ఎవరూ అనలేదు.

మగ్గం నాంచారమ్మ మాత్రం ముందుకొచ్చింది. "ఏమయ్యా అంకారావూ, నూరో నంబరు నూలు లావా, నలభయ్యో నంబరుదా?"

"నలభయ్యోదే లావు. నంబరు పెరిగేకొద్దీ సన్నమేగా."

"మరి నూలుకు ఒప్పుకున్న లెక్క గాజుకు ఒప్పుకోవేం?"

జనం గొల్లుమన్నారు. అంకారావు మొహం తన సరుకు రంగుకొచ్చింది.

"ప్రెసిడెంటు గారూ, రెండూ మీరే చూడండి," అంది టీచరు. "ఇరవయ్యయిదులో గురుగ్రహం పక్కన చందమామలు కనపడకపోతే గొట్టం మీదే. కనపడితే మీ దగ్గరుండే గొట్టం బీరువా తాళంచెవి ఇక నాది. మళ్లీ అడగకూడదు."

"సరే!"

ముందు నాలుగో నంబరు బిగించింది. అంకారావు కన్ను పెట్టాడు. చలిజ్వరం వచ్చిన గుమ్మడికాయ ఒకటి మసగ్గా వణికి పక్కకు జారిపోయింది.

"పెద్దగానే ఉంది... కానీ ఏందో తెలీట్లా."

"ఈ గొట్టం నోరు రెండున్నర అంగుళాలు కూడా లేదండీ. వచ్చే వెలుగు కొంచెం, దాన్ని అన్ని రెట్లు సాగదీస్తే పలచబడిపోదూ? గొట్టం వణుకూ అన్ని రెట్లవుద్ది."

"చీర కొనేవాడు ముందు పరిచి మొత్తం చూస్తాడయ్యా," అంది నాంచారమ్మ. "పోగులు లెక్కపెట్టే భూతద్దం తర్వాతే తీస్తాడు."

ఇరవయ్యయిదో నంబరు బిగిసింది. అంకారావు మళ్లీ వంగాడు. వంగినవాడు లేవలేదు.

"ఏమైందయ్యా?"

"పప్పుబద్దంత గురుడు... అటొకటి, ఇటు మూడు చుక్కలు... ఒకే వరసలో!"

"నాలుగూ ఆయన చందమామలే. తాళంచెవి ఇలా ఇవ్వండి," అంది టీచరు, చెయ్యి చాపి.

అంకారావు జేబులోంచి తీసి ఇచ్చాడు. పరువు కోసం చుట్టూ చూశాడు. "ఇంతకీ ఆ ఐపీఎస్ బయటికి రాడేం? దండ వాడిపోతోంది!"

అప్పుడు వెలిగింది టీచరుకు. బల్ల ఎక్కి ఊరంతటికీ వినిపించేలా చెప్పింది. "ఐపీఎస్ ఎవరూ రాలేదండీ! నేను చెప్పింది ఐపీస్. మీరందరూ ఇప్పుడు చూడబోయేది దాంట్లోంచే. ప్రేమదాసూ, పేకాట వాళ్లను కూడా పిలుచుకురా, భయం లేదని చెప్పు. దండ గొట్టానికి వెయ్యకండి ప్రెసిడెంటు గారూ, బరువుకు కదుల్తుంది. నాంచారమ్మ గారికి వెయ్యండి!"