నాలుగు మడతల గౌను

మా చెల్లెలికి కుదురుండదు. కుట్టుమిషన్ ముందు కూర్చుంటే కాళ్ళూ చేతులూ నోరూ ఒకేసారి ఆడాలి. అలాంటి మనిషిని స్కాన్‌కి ముందు గంటసేపు కదలకుండా, మాట్లాడకుండా పడుకోమంది స్కానింగ్ గది నర్సు.

"ఈ ఇంజెక్షన్‌లో చక్కెర లాంటి మందు ఉంటుందమ్మా. జబ్బున్న చోట చేరి స్కాన్‌లో వెలుగుతుంది. చెయ్యి ఆడిస్తే చేతిలోనూ చేరుతుంది. అప్పుడు ఏది ఏమిటో తేల్చడం కష్టం."

రొమ్ములో గడ్డ సంగతి ముందే తేలింది. అది ఇంకెక్కడికైనా పాకిందా అన్నదే మా భయం. పాకకపోతే ఆపరేషన్ చేసి తీసేస్తారు. పాకితే తీసి లాభం లేదు, ఉన్నన్నాళ్ళు మందులతో నెట్టుకురావాలి.

నర్సు అటు తిరగ్గానే చెల్లెలు సంచి వైపు కళ్ళతో సైగ చేసింది. నాకైనా బుద్ధి ఉండొద్దూ! దాని కూతురి గౌను, సూది, దారం తీసి దుప్పటి కింద పెట్టాను. చిన్నప్పటి నుంచీ అంతే, అది ఏదడిగినా తిడుతూనే ఇచ్చేస్తాను. తర్వాత నర్సు నన్ను బయటికి పంపేసింది.

స్కాన్ అయ్యాక గౌను తీసి చూస్తే అంచు లోపల నాలుగు మడతలు!

"ఇంత గుడ్డ లోపల దాచావేంటే? ఆ బరువుకి పిల్ల బోర్లా పడుతుంది."

"పెరిగే పిల్ల కదక్కా" అంది.

రెండు రోజుల తర్వాత డాక్టరమ్మ మాకు బొమ్మ చూపించింది. కుడి చెయ్యి మోచేతి దాకా వెలిగిపోతోంది.

"ఆ గంటసేపూ ఏం చేశావమ్మా?"

చెల్లెలు తల దించుకుంది. "గౌను అంచు కుట్టానండీ."

"అదీ సంగతి. ఇది జబ్బు కాదు, కుట్టుపని" అని నవ్వింది డాక్టరమ్మ. నాకు ప్రాణం లేచొచ్చింది. అంతలో ఆమె పెన్ను కిందికి జరిగింది. వెన్నులో రెండు చుక్కలు, తుంటి దగ్గర ఒకటి.

"కాళ్ళు కూడా ఆడించిందండీ!" అన్నాను గబుక్కున. "మిషన్ తొక్కే అలవాటు, ఒక్క క్షణం ఊరుకోదు. నేను కళ్ళారా చూశాను."

నేనేం చూడలేదు. తప్పంతా నాదేనని తేల్చి ఉంటే ఆ డాక్టరమ్మ కాళ్ళకు దణ్ణం పెట్టేదాన్ని.

"కాళ్ళు ఆడిస్తే కండరం వెలుగుతుందమ్మా. ఇవి ఎముకలో ఉన్నాయి."

"నేను కాళ్ళు కదపలేదక్కా" అంది చెల్లెలు మెల్లగా.

నాకు దాని మీద ఒళ్ళు మండిపోయింది. ఒక్క అబద్ధం ఆడితే దాని సొమ్మేం పోయింది? వెంటనే ఏడుపు ముంచుకొచ్చింది.

బయట బెంచీ మీద కూర్చున్నాక అది గౌను ఒళ్ళో పరిచి అంచు తిరగేసింది.

"ఇటు చూడక్కా. ఏడాదికో మడత విప్పు. బ్లేడు పెట్టకు, గుడ్డ తెగుతుంది. సూది మొనతో ఒక్కో కుట్టూ లేపు."

"నువ్వే విప్పుకో. నాకు కుట్టుపని రాదని తెలుసుగా?"

"తెలుసు" అంది. "అందుకే కుట్లు దూరం దూరంగా వేశాను."