రోడ్డవతల నుంచి చూస్తే

దీపాలు పెట్టే వేళకి టైలరమ్మ మిషను ఆపేది. ఒళ్ళోని దారప్పోగులు దులుపుకుని, కిటికీ పక్కనున్న కుర్చీని గోడకేసి కాస్త జరిపేది. లైటు వేయగానే ఆ గోడ మీదికి మొగుడి నీడ వచ్చి కూర్చునేది. మనిషి లేడు, నీడే. ఎక్కడో దూరపు ఊళ్ళో ఏదో కొట్టుకి బోర్డు రాయాలని రంగుల సంచీ భుజాన వేసుకుని వెళ్ళినవాడు అటే పోయాడు. ఎండలు ముదరకముందు వెళ్ళాడు, ఇప్పుడు వానలు పడుతున్నాయి. ఫోను చేస్తే మోగదు. నీడ మాత్రం ఒక్క పూట కూడా మానలేదు.

"వచ్చావా నాయనా?" అనేది అత్తగారు మంచం మీంచే. ఆవిడకి చూపు సరిగ్గా ఆనదు, కొడుకు నీడని మాత్రం ఎలాగో పోల్చుకునేది. కొలతలివ్వడానికి వచ్చిన ఆడవాళ్ళు ఆ గోడకి ఆనుకోబోయి, "అయ్యో, చూసుకోలేదన్నయ్యా" అని పక్కకి జరిగేవాళ్ళు. ఇంటిగలాయన గోడలకి రంగులు వేయిస్తూ, ఆ ఒక్క గోడా వదిలేయమని పనివాళ్ళకి చెప్పి వెళ్ళాడు.

ఆయన్ని అందరూ బోర్డులాయన అనేవాళ్ళు. ఆ బజార్లో ఆయన చెయ్యి పడని కొట్టు లేదు, ఒక్కటి తప్ప. "ఊళ్ళో వాళ్ళందరి పేర్లూ రాయడానికి తీరుతుంది, నా కొట్టుకి బోర్డు రాయడానికే తీరదు ఈ మహానుభావుడికి," అని టైలరమ్మ ఏళ్ళ తరబడి దెప్పుతూనే ఉంది. "నీది అందరిలా గబగబా రాసేదా ఏమిటి? తీరిగ్గా రాయాలి," అని ఆయన నవ్వుతూ తప్పించుకునేవాడు. రేకు ముక్కకి తెల్లరంగు పూసి తలుపు వెనక ఆరబెట్టాడు కూడా. అది ఎప్పుడో ఆరిపోయింది, ఇప్పుడు దాని మీద దుమ్ము పట్టి ఉంది.

పనిలో ఆయనకో పిచ్చి ఉండేది. బజార్లో ఏ బోర్డు రాసినా, చివరి అక్షరం పడగానే పెళ్ళాన్ని కేకేసి రోడ్డవతలికి పంపేవాడు. తను నిచ్చెన మీదే ఉండి "కనబడుతోందా?" అని అరిచేవాడు. ఆవిడ అవతల నిలబడి "కనబడుతోందండీ" అంటేనే కిందికి దిగేవాడు. మిషను మీద గుడ్డ మధ్యలో వదిలేసి, లారీలూ ఆటోలూ తప్పించుకుంటూ, "ఇదేం ఖర్మ" అని గొణుక్కుంటూ ఆవిడ వెళ్ళేది. ఇప్పుడు ఆ కేక కోసం చెవి కోసుకున్నా వినబడదు.

వానలు మొదలయ్యాక నీడ పలచబడటం మొదలెట్టింది. మొదట్లో కాటుక పూసినంత నల్లగా ఉండేది. ఇప్పుడు ఉతికి ఉతికి వెలిసిపోయిన పరికిణీలా అయింది. వెనకాల గోడకున్న బీట కూడా అందులోంచి కనబడుతోంది.

"అమ్మాయ్, వాడు తగ్గిపోతున్నాడే," అంది అత్తగారు ఒక రోజు.

"మీ కళ్ళకి అలా అనిపిస్తోంది అత్తయ్యా."

అని వంటింట్లోకి పోయి ఏడ్చింది. నీడ పూర్తిగా పోయిన రోజున ఎక్కడున్నాడో ఆ మనిషి కూడా లేనట్టేనని ఇద్దరికీ తెలుసు. పోలీసుల దగ్గరికి తిరిగీ తిరిగీ చెప్పులు అరిగాయి. రాసుకున్నామమ్మా అంటారు, అంతకన్నా ఏమీ అనరు.

బ్లౌజులు కుట్టించుకోవడానికి వచ్చిన ఓ పంతులమ్మ చెప్పింది. "పేపర్లో వేస్తే మర్నాడు పొట్లాలు కట్టుకుంటారు. ఆయన పేరు మీద ఓ వెబ్‌సైటు పెట్టు. ఎక్కడున్నవాళ్ళైనా ఎప్పుడైనా చూస్తారు." అని ఊరుకోకుండా, తమ స్కూల్లో మూలపడేసిన పాత కంప్యూటరొకటి ఇప్పించింది కూడా.

టైలరమ్మ దగ్గరున్నది నొక్కుడు బటన్ల ఫోను. కంప్యూటర్ని ఎప్పుడైనా ముట్టుకుంటే దుమ్ము తుడవడానికే. అయినా కొంగు బిగించి, సరిగ్గా ఇంటికి ఎదురుగా, రోడ్డవతల మేడ మీదున్న కంప్యూటర్ సెంటర్లో చేరింది. మొదటి రోజు మౌసుని ఇస్త్రీపెట్టె పట్టుకున్నట్టు పట్టుకుని బల్లంతా రుద్దింది. పక్క కుర్చీల్లో పిల్లలు కిసుక్కున నవ్వారు. అక్కడ నేర్పే మేడమ్ కూడా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"తెరిచిన ప్రతి గుర్తునీ మూయాలమ్మా. లేకపోతే పేజీ అంతా పాడవుతుంది."

"అంటే మొదలెట్టిన చోట ముడి, ఆపిన చోట ముడి. అంతేగా?"

"అంతే అనుకోండి," అంది మేడమ్. మర్నాడు టైలరమ్మ రెండు చోట్ల ముడులు మర్చిపోయింది, పేజీలోని అక్షరాలన్నీ బండల్లా లావయ్యాయి. మేడమ్ మళ్ళీ మొదటి నుంచి చెప్పింది.

ఎలాగైతేనేం, పేజీ తయారైంది. పైన ఆయన పేరు, ఆయన ఎప్పుడూ వాడే నీలం రంగులో. కింద వివరాలు: బోర్డులు రాస్తారు, ఎడమ చెవి కింద పుట్టుమచ్చ, కుడి చేతి గోళ్ళ సందుల్లో ఎప్పుడూ రంగు ఉంటుంది, ఆచూకీ తెలిస్తే ఈ నంబరుకి చేయండి. మేడమ్ దాన్ని నెట్‌లో పెట్టడం కూడా నేర్పింది. అంతటితో కోర్సు అయిపోయింది. ఫోటో ఒక్కటే మిగిలింది. ఎవరో పెళ్ళిలో తీసిందాన్ని స్టూడియోలో ఇచ్చి కంప్యూటర్లోకి ఎక్కించుకొచ్చింది. మళ్ళీ మేడమ్ దగ్గరికి వెళ్తే పిల్లలు నవ్వుతారని, పక్కింటి వాళ్ళ నెట్ అడిగి పెట్టించుకుని, ఇంట్లో కూర్చుని తనే అతికించింది. ఫోటో ఎక్కడుందో పేజీకి చెప్పాలి కదా, చెప్పింది. మీట నొక్కగానే తెర మీద ఆయన మొహం నిండుగా వచ్చేసింది, పెళ్ళివాళ్ళ పూలదండలు భుజం దగ్గర సగం కనబడుతూ.

"వచ్చిందత్తయ్యా! ఇక లోకమంతా చూస్తుంది!"

ఆ రోజు ఇంట్లో జాతరే. వీధిలో వాళ్ళు వరసకట్టి వచ్చి, ఆ తెర ముందు నిలబడి చూసి, "అచ్చం ఎదురుగా ఉన్నట్టే ఉన్నాడు" అని కళ్ళొత్తుకున్నారు. పక్కింటావిడ మాత్రం, "మా ఫోన్లో ఫోటో రావట్లేదేమిటి? ఖాళీ డబ్బా ఒకటి కనబడుతోంది," అంది.

"మీ ఫోను పాతది కదా వదినా," అంది టైలరమ్మ, కాస్త గర్వంగానే.

ఆ సాయంత్రం నుంచే నీడ పేచీ పెట్టింది. కుర్చీలో కూర్చోవడం మానేసింది. గోడ దిగి, బల్ల మీదుగా పాకి, తెర మీదికి ఎక్కి, సరిగ్గా ఫోటో మీద పడుకునేది. తలా, ఛాతీ, ఎడం చెయ్యీ అన్నీ ఫోటో మీదే. కుడి చెయ్యి మాత్రం వెనక్కి పెట్టుకునేది, తడి రంగు అంటుకుంటుందేమోనని దాచుకున్నట్టు.

"జరగండి, మీ మొహం నన్ను చూసుకోనివ్వరా?" అనేది ఆవిడ. జరిగేది కాదు. విసుగొచ్చి తెర మీద గుడ్డ కప్పేసేది. మర్నాడు మళ్ళీ అదే వరస. తెర వెలుగు ఎక్కడ తగిలితే అక్కడ నీడ కరిగిపోతోంది. భుజం పోయింది. తర్వాత ఛాతీ, కాళ్ళూ. ఓ సాయంత్రం తల లేకుండా వచ్చింది. ఫోను మాత్రం ఎక్కణ్ణుంచీ మోగదు. ఆవిడకి కోపం ఆగలేదు.

"చచ్చిపోతారండీ మీరు! మీకోసం నేను ఇంత పాటుపడుతుంటే అడ్డం పడి పడి మీరే చచ్చిపోతారు!"

అత్తగారు మంచం మీద లేచి కూర్చుంది. "ఎందుకే వాడి మీద అరుస్తావు? ఎప్పుడైనా నీ పనికి అడ్డం వచ్చాడా వాడు? ఆ బొమ్మని మూసేసి ఏదో చెబుతున్నాడు. బోర్డు రాసి ఏం చేసేవాడు? నిన్ను అవతలికి పంపేవాడు కాదూ? నువ్వు వెళ్ళి చూశావా?"

టైలరమ్మ కిటికీలోంచి రోడ్డవతలి మేడ వైపు చూసింది. తర్వాత చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తింది. లారీలూ ఆటోలూ హారన్లు కొడుతుంటే రోడ్డు దాటి, మెట్లెక్కి, రొప్పుతూ, సెంటర్లోని కంప్యూటర్లో తన పేజీ తెరవమంది.

పేరు ఉంది. పుట్టుమచ్చ సంగతి ఉంది. ఫోటో ఉండాల్సిన చోట ఖాళీ డబ్బా ఉంది.

మేడమ్ కాసేపు చూసింది. "అయ్యో, ఫోటో మీ ఇంటి కంప్యూటర్లోనే ఉండిపోయిందమ్మా. పేజీతో పాటు పైకి పంపలేదు మీరు. ఫోటో ఎక్కడుందంటే మీ ఇంటి అడ్రసు ఇచ్చారు. మీ ఇంట్లో చూస్తే కనబడుతుంది, బయటివాళ్ళకి ఎలా కనబడుతుంది?"

ఇన్నాళ్ళూ ఆయన మొహాన్ని ప్రపంచానికి చూపిస్తున్నాననుకుంటూ, ఇంట్లో పెట్టుకుని తనొక్కతే చూసుకుంది. ఆవిడ అక్కడే నేల మీద కూలబడి, పిల్లలందరూ చూస్తుండగా, తల బాదుకుని ఏడ్చింది. ఈసారి ఎవరూ నవ్వలేదు. ఇంట్లోంచి ఫోటో తెచ్చి ఇస్తే మేడమే కూర్చుని పైకి పంపింది. పక్కింటావిడ ఫోన్లో చూసి, "వచ్చాడమ్మా" అంది.

మర్నాడు మధ్యాహ్నం ఫోను మోగింది. ఏదో ఊరి ఆసుపత్రి నుంచి ఓ నర్సు.

"ఈయన మా వార్డులో ఉన్నారమ్మా. నిచ్చెన మీంచి పడ్డారట, ఎవరో తెచ్చి చేర్చారు. జేబులో ఏమీ లేదు, మాట లేదు. గోళ్ళలో రంగు చూసి నేను చాలాసార్లు నెట్‌లో వెతికాను. మీ పేజీ ముందే చూశానమ్మా. ఫోటో లేదు. పుట్టుమచ్చ కట్ల కింద కనబడలేదు, గోళ్ళలో రంగు చాలామందికి ఉంటుంది కదా అని ఊరుకున్నాను. ఫోటో ఉంటే ఆ రోజే చేసేదాన్ని."

టైలరమ్మ ఆ ఊరి పేరు రాసుకుంది. అత్తగారిని పక్కింట్లో అప్పగించి బస్సెక్కింది. మిగిలిన నీడ కూడా వెంట వచ్చింది. మిగిలింది కుడి చెయ్యి, మణికట్టు దాకా. దారంతా ఆవిడ ఒళ్ళో పడుకుంది. కండక్టరు టికెట్టు కొడుతూ దాన్ని చూసి, "కాస్త కిటికీ వైపు జరపండమ్మా, తొక్కేస్తారు," అన్నాడు.

వార్డులో ట్యూబులైట్ల కింద మంచం కోళ్ళకి నీడలున్నాయి, సెలైన్ సీసాకి నీడ ఉంది, ఆయనకి లేదు. గడ్డం పెరిగి, బుగ్గలు పీక్కుపోయి, కళ్ళు తెరిచి కప్పుకేసి చూస్తున్నాడు.

"ఏమండీ, నేనండీ," అంది. ఆ కళ్ళు తిరగలేదు.

డాక్టరు మెల్లగా చెప్పాడు. "ప్రాణం నిలబెట్టాం. రెండో ఆపరేషన్‌కి ఇంట్లోవాళ్ళు ఒప్పుకోవాలి, ఎవరూ లేరు. కాస్త ముందు వచ్చుంటే లేచి నడిచేవాడేమో. ఇప్పుడు చేసి లాభం లేదమ్మా."

"నేనే చేశాను డాక్టరుగారూ. ఫోటో ఇంట్లో పెట్టుకుని నేనే ఇలా చేశాను."

డాక్టరు పక్క మంచం దగ్గరికి వెళ్ళాడు.

ఆవిడ తన అరచేతిని దుప్పటి మీద, ఆయన కుడి చేతి పక్కన పెట్టింది. ఆవిడ చేతి మీదున్న నీడ జారి దుప్పటి మీదికి దిగింది. మెల్లగా పాకి ఆయన చేతి కిందికి చేరి సర్దుకుంది. కాసేపు ఏమీ కాలేదు. తర్వాత చూపుడు వేలు కదిలింది.

నర్సు పరుగున వచ్చింది, డాక్టరు మళ్ళీ వచ్చాడు. మోకాళ్ళు తట్టారు, కళ్ళలో లైటు వేశారు, పేరు పెట్టి పిలిచారు. ఇంకేదీ కదల్లేదు, తర్వాత కూడా ఎప్పటికీ కదల్లేదు. వెలుగులో కరిగిపోయింది కరిగిపోయినట్టే. దాచుకున్న చెయ్యి ఒక్కటే తిరిగొచ్చింది.

ఆ వేలు తెల్ల దుప్పటి మీద ముందు అడ్డంగా, తిన్నగా ఓ గీత గీసింది, అక్షరాలు కూర్చోవడానికి గీసే గీత. ఆ తర్వాత ఒక్కొక్క అక్షరమే, తీరిగ్గా. పైన ఆవిడ పేరు. దాని కింద, కొంచెం చిన్నగా, లేడీస్ టైలర్. తలుపు వెనక తెల్లరేకు మీద పడాల్సిన అక్షరాలు అవే. ఆవిడ వేలి వెంట చదువుతూ, కొంగు నోట్లో కుక్కుకుని వెక్కివెక్కి ఏడ్చింది.

చివరి అక్షరం అయ్యాక వేలు ఆగింది. దుప్పటి మీద ఊరికే ఉండిపోయింది. దేనికోసం ఆగిందో ఆవిడకి కాసేపు అర్థం కాలేదు. అర్థమయ్యాక మొహం తుడుచుకుని లేచింది. మంచాల మధ్య నుంచి, మందుల బల్ల తప్పించుకుంటూ నడిచి, వార్డు అవతలి గోడ దగ్గరికి వెళ్ళి నిలబడి, ఇటు తిరిగింది.

"కనబడుతోందండీ," అంది గట్టిగా, అన్ని మంచాలకీ వినబడేలా.