పరదేశమ్మ భోజనము

మార్గశిర మాసపు మధ్యాహ్నవేళ విశాఖపట్టణ సాగరతీరమున నెండ కాయుచుండియు కాల్చక చలిగాలితో సంధి చేసికొన్నట్లు మెత్తనై యుండెను. వేకువనే వేటకేగిన పడవలు గట్టుచేరి యిసుకపై నొరగి విశ్రమించుచుండ వలలనుండి రాలిన పొలుసులు సూర్యకిరణములు సోకి వెండిరేకులవలె తళతళలాడుచుండ నాకాశమున గ్రద్దలు వలయములు తీర్చుచుండ నుప్పుగాలి పెదవాల్తేరు సందుగొందులలో జొచ్చి మేడలపై నారవేసిన వస్త్రముల నూపుచు వీథికొసనున్న యొక చిన్న భోజనశాల గుమ్మమునకు గట్టిన నీలిగుడ్డతెరను మాటిమాటికి నెగురవేయుచుండెను.

ఆ భోజనశాల సూరాడ దానయ్యది. అతడు జాలరిపేటలో బుట్టి యౌవనమున నోడలో వంటవానికి దోడుగా బోయి జపానుదేశపు రేవుపట్టణ మొకదానియందు పదునొకండేండ్లు చేపకోయు విద్య నభ్యసించి స్వస్థలమునకు మరలివచ్చినవాడు. పులుపు పట్టించిన యన్నమును రెండువ్రేళ్ళ ప్రమాణమున ముద్దగా నదిమి దానిపై పలుచగా గోసిన పచ్చిచేపతునుక నుంచి యిచ్చు సుషీ యను వంటకము పెద్దహోటళ్ళలో ధనికులకు మాత్రమే యందుచుండగా దానయ్య దానిని సామాన్యుల కందుబాటులోనికి దెచ్చెను. అతని కొట్టున నొక పొడవైన బల్లచెక్కయు దాని యీవల నెనిమిది పీటలును దప్ప వేరొక యలంకారము లేదు. రేవులో బనిచేయువారును కళాశాల విద్యార్థులును బడిపంతులమ్మలును నచట భుజముభుజము రాచికొని కూర్చుండి నిస్సంకోచముగా భుజించి పోవుచుందురు. చుట్టుపట్లవారు దానిని పచ్చిచేపల కొట్టని పిలుతురు. ఆ పేరు తొలుత వెక్కిరింతగా బుట్టి క్రమముగా నాప్యాయముగా మారెను.

ఆ కొట్టునకు నిత్యము చేపల నిచ్చునది తెడ్డు పరదేశమ్మ. అరువదియేండ్ల వితంతువు. నలువది సంవత్సరములుగా దలపై బుట్టనిడుకొని యావీథుల దిరుగుచున్న యామె చేపయన్న జాలును గృహిణులు మొప్ప లెత్తి చూచుటయైన మానివేసిరి. పరదేశమ్మ చేపకు బరీక్ష యేల యని వారి నమ్మకము. దానయ్య కొట్టు పెట్టిన తొలినాళ్ళలో పచ్చిగా దినుట కమ్మిన చేపవలన నెవనికేని కీడు వాటిల్లిన నింద తమపై బడునను భయమున బేటలో నొక్కరును నతనికి సరకీయ నొప్పుకొనకుండ నామె యొక్కతియే ముందునకు వచ్చి “నా సేప పచ్చిగా తిన్నా, ఉడికించి తిన్నా ఒకటేరా” యని బుట్ట దించినది. ఆ యుపకారమును దానయ్య మరువలేదు.

కాని కొన్నినెలలనుండి పరదేశమ్మ కన్నులకు మంచుతెర గ్రమ్మినట్లుండెను. దీపముచుట్టు వలయములు కనబడుచుండెను. ఎరుపునకును గోధుమవన్నెకును భేదము తెలియకుండెను. ఈ సంగతి యామె యెవ్వరికిని జెప్పలేదు. కన్ను పోయినదని వీథిలో దెలిసిన నలువదియేండ్ల పేరొక్కదినమున నడుగంటునని యామె వెరపు. అందుచే జేతితో నొత్తి చేప గట్టిదనమునుబట్టి కాలము నెట్టుకొని వచ్చుచుండెను.

ఆనాటి యుదయమున పరదేశమ్మ దానయ్యకు ఎర్రకండగల చిన్న సూరచేప నొకదాని నిచ్చి తక్కిన బుట్టతో సంతకేగి కూర్చుండినంతట ప్రక్కనమ్ముకొను అరిజిల్లి నూకాలు బుట్టలోనున్న రెండవ సూర నెత్తి ముక్కు ముడిచి “వదినా, ఇదేటే? నిన్నటి సరుకు కాదేటి? మొప్ప సూడు, బెల్లప్పాకంలా అయిపోయింది” యనెను. ఆ రెండుచేపలును నొకే పడవవాని మంచుపెట్టెనుండి వచ్చిన జత. మంచువలన బిగిసిన మాంసము వ్రేళ్ళను మోసగించినది. దీని తోడిది యిప్పుడు దానయ్య కత్తిక్రింద నున్నది! చెడిన సూరను దిన్నవారికి దద్దుర్లు లేచి మొగము వాచి యూపిరాడకపోవుట యామె కన్నులార జూచియుండెను.

ఆమె బుట్టను నూకాలు కప్పగించి పరుగువంటి నడకతో బయలుదేరెను. త్రోవ పొడవునను రెండాలోచనలు పెనగులాడెను. ఉన్నది యున్నట్లు చెప్పుదునా యని యొకటి. చెప్పిన నీ జన్మకిక బుట్ట యెత్తవలదని మరియొకటి. కొట్టు కనబడునప్పటికి మూడవ యాలోచన పుట్టెను. ఆ చేప నంతను దానే తినివేసిన నెవ్వరికిని గీడు లేదు, ఎవ్వరికిని దెలియనక్కరయు లేదు.

ఏనాడును పెరటిదారినే వచ్చు పరదేశమ్మ నీలితెర నొత్తుకొని వీథిగుమ్మమున లోనికి వచ్చి బల్లముందరి పీటపై గూర్చుండుట చూచి దానయ్య విస్మితుడయ్యెను.

“ఏటత్తా, ఈ గుమ్మంలోంచి వచ్చినావు?”

“ఆకలేసింది. పొద్దున్న నానిచ్చిన సూర కోసినావా?”

దానయ్య చేతికత్తి యొక్కక్షణ మాగెను. “కోసినానత్తా.”

“అయితే అదే ఎట్టు. అంతా నాకే ఎట్టు.”

“అంతానా?”

“ఏం, నాకు కడుపు లేదేటి?”

దానయ్య ముద్దలు గట్ట నారంభించెను. తడిచేతితో నన్నము నదుముటయు నెర్రని తునుకను దానిపై నొదిగించుటయు జూపరులకు మంత్రమువలె నుండెను. రెండుముద్దల పళ్ళెము ముందునకు రాగా పరదేశమ్మ దానిని భయభక్తులతో వీక్షించెను. నలువదియేండ్లు చేపల నమ్మినను పచ్చిదానిని నోట బెట్టి యెరుగదు. తినుటకై ప్రక్కన బెట్టిన పుల్లలజతను జూచి యేమిచేయుటకు దోచక కూర్చుండగా ప్రక్కపీటపై నున్న సత్యవేణియను బడిపంతులమ్మ చిరునవ్వుతో “చేత్తోనే తినండమ్మా, తప్పేం లేదు. ఆ ఆకుపచ్చ కారం ముద్ద మాత్రం రవ్వంతే పెట్టుకోండి, ముక్కు అదిరిపోతుంది” అని చెప్పెను. “ఆ దేశంలోనూ సేత్తో తింటారత్తా” యని దానయ్య యందుకొనెను.

పరదేశమ్మ మనసులో గంగమ్మతల్లికి మ్రొక్కుకొని ముద్దను నోట నిడెను. నీచుకంపు కొట్టునని యామె గుండె దిటవు చేసికొని యుండ నా తునుక వెన్నవలె గరగి చల్లని తీపి నాలుకపై నిలిచెను. ఎక్కడను జెడినరుచి లేదు. ఈ మంచిరుచియే యామెను మరింత భయపెట్టెను. కన్నులు పోయెను, వ్రేళ్ళు మోసపోయెను, ఇప్పుడు నాలుకయు నబద్ధమాడుచున్నదా? లోకమున దనకు నమ్మదగిన దేదియు మిగులలేదా? రెండవపళ్ళెము వచ్చెను, మూడవది వచ్చెను. ఆమె నమలి నమలి మ్రింగుచు నీళ్ళు ద్రావుచు నేడవపళ్ళెమునకు వచ్చునప్పటికి నుదుట జెమట పోసెను. బల్లవద్దనున్నవారు తినుట మాని యామెనే చూడసాగిరి. చేప యింకను మిగిలియున్నదా యని యడుగుటకు నోరు రాక యామె చేతిని జాచుచు మరియొక పళ్ళెమునకు సంజ్ఞ చేయుచుండెను.

అప్పుడు సత్యవేణి ముచ్చటపడి “ఈవిడ ఇంత ఇష్టంగా తింటుంటే నాకూ నోరూరుతోంది. అదే నాకూ రెండు ఇవ్వండి దానయ్యగారూ” యనెను. దానయ్య యిచ్చెను. ఆమె ముద్దను పుల్లలతో నెత్తి నోటిదాక దెచ్చెను.

పరదేశమ్మ లేచి యామె మణికట్టు పట్టుకొనెను. ముద్ద జారి బల్లపై బడి చెదరెను.

“తినకమ్మా! ఒగ్గీ! అది నిన్నటి సేప. నా బుట్టలోదే. కళ్ళు కనపడక ఇచ్చీసినాను. దానయ్య తప్పేటీ లేదు. అందరి ముందరా సెప్తన్నాను, తప్పు నాది.”

ఏ మాట పేటలో నెవ్వరి చెవిని బడరాదని యామె నెలలుగా నూపిరి బిగబట్టి దాచెనో యా మాటను దన నోటనే యేడుగురు పరులముందు వెలిబుచ్చి పరదేశమ్మ నిలువబడెను. ఆమె పట్టిన మణికట్టును విడిపించుకొనక సత్యవేణి తన రెండవచేతిని దానిపై నుంచెను.

దానయ్య కత్తిని దింపి చేతులు తుడుచుకొని బల్లక్రింది మంచుపెట్టె మూత తెరచి యొక సూరచేపను బైటికి దీసెను. అది తోకనుండి తలవరకు గత్తిగాటు పడనిదై యుండెను.

“అత్తా, నువ్వు తిన్నది ఇది కాదు. నీ సేప ఇదిగో. పొద్దున్నే సూసి పక్కనెట్టినాను. నువ్వు తిన్నది మరొకరి కాడ కొన్నది.”

మొదట పరదేశమ్మ పీటపై గూర్చుండెను. ఎవ్వరికిని గీడు లేదు. తన నాలుక యబద్ధమాడలేదు. ఆ ఊరట గుండెనిండ నిండినపిమ్మట నెమ్మదిగా వేరొక యాలోచన తలయెత్తెను.

“పొద్దున్నే సూసినావా? మరి నాకేల సెప్పలేదు?”

దానయ్య చేపను బల్లపై బెట్టెను.

“ఎన్నాళ్ళ నించి?”

“శ్రావణం నించి. రోజూ కాదత్తా. వారానికోటో రెండో. ఎవరూ ఇవ్వని రోజుల్లో నువ్విచ్చినావు. నీ మొకం మీద నీ సేప బాగులేదని ఎలా సెప్పగలను?”

పరదేశమ్మ యా చేపను వ్రేలితో జూపెను. “నా సేప కాదన్నోడితో నలభైయేళ్ళు దెబ్బలాడినానురా. ఆడు నాకు శత్రువు కాడు. కాదనకుండా సాటుకెళ్ళి పారీసినావు సూడు, నువ్వే నన్ను ముసిల్దాన్ని సేసినావు.” అని లేచి వచ్చిన గుమ్మముననే వెడలిపోయెను. ఆమె పలికినది కోపమా దుఃఖమా యని కూర్చున్నవారికి దెలియలేదు. దానయ్యకు మాత్రము దెలిసెను. ఆ పూట యతని చేతిముద్దలు సరిగా నిలువలేదు.

రెండుదినము లామె బుట్ట యెత్తలేదు. పడకపై గూర్చుండి శ్రావణమునుండి తా నమ్మిన ప్రతిచేపను దలచుకొని యే గృహిణి మొగమాటమునకు మిన్నకున్నదో యే బిడ్డ కడుపునొప్పితో నేడ్చెనో యని వ్యథపడెను. మూడవనాడు దానయ్య కొట్టు మూసి యామె గుమ్మమున గూర్చుండి “తప్పైపోయిందత్తా” యనెను. పరదేశమ్మ యతనివంక జూచెను. ఆ మంచుతెరలో నతని మొగము కానరాకున్నను గొంతున జీర యామెకు వినబడెను.

“నా కళ్ళు ఎవరికైనా సూపించరా. ఒక్కదాన్నీ ఎల్డానికి భయంగా ఉంది.”

ఈ రెండుమాటలు పలుకుట కామెకు నెలలు పట్టెను. దానయ్య యా మరునాడే యామెను గంటివైద్యశాలకు దోడ్కొనిపోయెను. పుష్యమాసమున నొకకంటికి శస్త్రచికిత్స జరిగెను. కట్టు విప్పిననాడు పరదేశమ్మ మొట్టమొదట దన చేతులనే చూచికొని యివి యింత ముడుతలు పడినవా యని నవ్వెను. పిమ్మట దానయ్య మొగమును జూచి “నువ్వూ నెరిసిపోయినావురా” యనెను.

మాఘమాసమున నొకనాటి యుదయమున నామె మరల బుట్ట నెత్తి పెరటిదారిని వచ్చి మూడుసూరల నరుగుపై బరచెను. దానయ్య యొక్కొక్కదాని మొప్ప లెత్తిచూచెను. కడుపు నొత్తిచూచెను. రెండవచేపకడ నతనిచేయి నిలిచెను. దాచు నలవాటును ప్రక్కన బెట్టి “ఇది ఒద్దత్తా” యనెను.

“మొప్ప ఎర్రగానే ఉందిగా, గుడ్డోడా!”

“కడుపు సూడు.”

పరదేశమ్మ చేపను వెలుగులోనికి దీసికొనిపోయి బొటనవ్రేలితో నొత్తెను. వ్రేలిగుంట పూడక నిలిచిపోయెను. ఆమె దానిని వంగి వంగి క్రొత్తకంటితో జూచి “నిజమేరా” యనెను. ఆమె మొగమున నప్పుడు వెలసిన తేజము దానయ్య యెన్నడును జూచి యెరుగనిది.

నొప్పింపరాదని నిజమును దాచు దయ దయయే యైనను నెదుటివారిని మనలెక్కలోనుండి మెల్లగా దొలగించును. మొగముమీద బలికిన కాదనుమాట యొక్కటి వారిని మరల మనుష్యులలో నిలబెట్టును. ఇంతటి యాలోచన పరదేశమ్మకు లేదు. ఆమె కాదనిపించుకొన్న చేపను దోకపట్టి పైకెత్తి కొంగు నడుమున జెక్కి దానిని దనకు అంటగట్టిన పడవవాని నిలదీయుటకై యెండలో సముద్రమువైపు వడివడిగా నడచిపోయెను.