సేఫ్టీ కనకరాజు ఇంటి బాత్రూం

...అయినా ఈ ఫినాయిల్ కంపు ఎవడు కనిపెట్టాడో గాని, ఛీ, దవాఖానాలో ఇరవై రోజులు పీల్చింది చాలదన్నట్టు ఇంట్లో కూడానా, కొడుకు ఉపేందర్ పొద్దున్నుంచి బాత్రూం కడిగిందే కడుగుతున్నాడు, మధ్యాహ్నానికి భార్య మల్లవ్వను తీసుకొస్తారు, తుంటి ఎముకకు రాడ్డు వేశారు, ఇంకోసారి పడితే ఇక మంచమేనని డాక్టరు ముఖం మీదే చెప్పాడు, ఆ మాట గుర్తొస్తే కనకరాజుకు నోరంతా చేదు, గోడకు బిగించిన ఆ స్టీలు కడ్డీ చూస్తే ఒళ్ళుమంట, ఇంట్ల బస్సు కడ్డీ ఏందిరా అన్నాడు, అమ్మ పట్టుకొని లేస్తది బాపూ, రేపు నీక్కూడ పనికొస్తది అన్నాడు వాడు, నాకెందుకురా, నాచారం ఫ్యాక్టరీల ఇరవై తొమ్మిదేండ్లు సేఫ్టీ జూసినోణ్ణి, నేల మీద నూనె చుక్క కనబడితే మిషన్ ఆపిచ్చినోణ్ణి, నాకే జెప్తవా, అన్నాడు గాని గొంతులో పస లేదు, ఎందుకంటే మల్లవ్వ కాలు జారిన, అద్దంలా మెరిసే ఆ బాత్రూం టైల్స్ తెచ్చింది ఎవరు, తనే, ఉప్పల్ రింగు రోడ్డు దుకాణంలో ఏరి ఏరి, పీర్జాదిగూడలో వియ్యంకుడి ఇల్లు తళతళలాడుతుంటే తనదెందుకు తీసిపోవాలని, షాబాదు బండలే ఉండనియ్యి, కాలు ఆగుతది అని మల్లవ్వ అంటే, ఊరిదానివి ఊరిదాని లెక్కనే మాట్లాడ్తవు అని మేస్త్రీ ముందరే ఆమె గాలి తీశాడు, పళ్ళికిలించుకుని నవ్వాడు కూడా, థూ.

అంతటితో ఊరుకున్నాడా, పక్కింటి కౌసల్యమ్మ చూడ్డానికి వస్తే, ఎట్ల పడ్డదన్నా అని అడిగితే, సూసుకొని నడువదమ్మా, ఎన్నిసార్లు జెప్పిన, అని నిట్టూర్చాడు, వచ్చిన ప్రతివాళ్ళతో అదే పాట, అందరూ పాపం కనకరాజు అన్నారు, దవాఖానాలో కాలు కదలక పడున్న మనిషి మీదికి తప్పు తోసి తను జాలి మూటగట్టుకున్నాడు, ఏం బతుకు ఇది.

ఆటో వచ్చింది, మెట్రో పిల్లర్ల కింద రోడ్డు గుంతల్లో కుదిపి కుదిపి తెచ్చినట్టుంది, మల్లవ్వ ముఖం పీక్కుపోయింది, మెల్లగ అత్తమ్మా మెల్లగ అంటూ కోడలు దీప ఆమెను ముందుగదిలో కుర్చీలో కూర్చోబెట్టి, వాకర్ పక్కన నిలబెట్టి, డాక్టరిచ్చిన కాగితం చదివింది, నేల తడి ఉండొద్దు, కాళ్ళు తుడ్సుకునే పట్టాలు తీసెయ్యాలె, ఇంట్ల గూడ రబ్బరు చెప్పులేస్కోవాలె, దేవుని గది ఉందని ఒట్టికాళ్ళతో తిరిగే మల్లవ్వ చెప్పుల మాటకు మొహం ముడుచుకుంది, కనకరాజు ఒక్కొక్కదానికీ తల ఊపాడు, అయింది, అయింది, అన్నీ సరిగ్గా ఉన్నాయి, ఇంక ఫికర్ లేదు, హమ్మయ్య అని సోఫాలో వాలాడు, ఎండపూట గొంతు ఎండిపోయింది, ఏమే, నీళ్ళు, అన్నాడు.

వస్తున్న, వస్తున్న అంటూ మల్లవ్వ లేచింది, వాకర్ వైపు చూడనే లేదు, కుర్చీ చేతుల మీద బరువు వేసి, రాడ్డు వేసిన కాలు నేలకు ఆనించింది, అత్తమ్మా ఆగు అని దీప కెవ్వుమని పట్టుకుంది, లేకుంటే అక్కడే పడేది, ఆమె కళ్ళల్లో నొప్పి లేదు, ఆలస్యమయితే ఏమంటాడోనన్న బెదురే ఉంది, ఆ బెదురు కొత్తది కాదు, పడ్డ రోజు పొద్దున ఆమె బాత్రూంలో కాళ్ళు కడుక్కుంటుంటే తువ్వాల ఏదే, చెవుడొచ్చిందా అని ఇదే సోఫాలోంచి అరిచాడు, వస్తున్న వస్తున్న అన్నది, ఆ వెంటనే దభీమన్న చప్పుడు, ఆ అరుపు సంగతి డాక్టరుకు చెప్పలేదు, కొడుక్కు చెప్పలేదు, తనకు తను కూడా చెప్పుకోలేదు, తిట్టుకున్నదంతా టైల్స్‌నే, ఎందుకంటే టైల్స్ మార్చొచ్చు, నలభై రెండేళ్ళుగా మల్లవ్వ ఈ ఇంట్లో నడిచింది ఎప్పుడు, తను పిలిచిన ప్రతిసారీ ఉరికింది, ఆమెను పడేసింది నేల కాదు, తన నోరు.