తుమ్మే తలుపు

పుంగనూరులో మదనపల్లె రోడ్డు మిందే రూపోళ్ల ఇల్లు. పొద్దున లేస్తానే టమోటా లారీలు బుస్సుమని నల్లపొగ వదల్తాయి, రూప వాళ్లవ్వ చిన్నక్క వాకిలి ఊడుస్తాది, వీధి తలుపు తుమ్ముతాది. "నూరేండ్లు!" అంటాది అవ్వ. పాలాయన గూడా అంతే. రెండువేల రెండులో రోడ్డు వెడల్పు చేసి గడప దాకా తెచ్చినప్పట్నుంచి ఇదే కత. తలుపుకు జలుబు చేస్తే మనమేం జేస్తాం?

చిక్కంతా రూప పెండ్లిసూపుల్లోనే. ఒంటి తుమ్ము అపశకునం, జంట తుమ్ము శుభం. ఈ దరిద్రపు తలుపు ఏనాడూ రెండు తుమ్మింది లేదు. పిల్ల నచ్చిందని అవతలోళ్లు నోరు తెరిస్తే సాలు, బయట ఏదో ఒక బండి పొగ వదల్తాది, ఇది "హాచ్" అంటాది. అట్ల మూడు సంబంధాలు లేసిపోయినాయి. ఈసారీ తప్పిపోతే మేనమామ రెడ్డెప్పకే ఇచ్చేస్తానని తేల్చేసినాడు నాయన గంగులప్ప. రెడ్డెప్పకు నలభై దాటినాయి. మీసానికి రంగేస్తాడు, ఎండకు అది చొక్కా మింద కారతాది.

ఆదివారం కుప్పం నుంచి పెండ్లిసూపులకు జీపులో దిగినారు కృష్ణప్ప, ఆయన కొడుకు రాజేంద్ర. ఆ జీపు ఒకసారి ఆపితే మళ్లా తోస్తేగానీ లేవదు. అందుకే ఇంజను ఆపకుండా గడప ముందరే పెట్టి, లోపలికొచ్చి కూసున్నాడు కృష్ణప్ప. పొగంతా నేరుగా తలుపు ముక్కులోకే.

"పిల్ల బంగారమప్పా, మాకు..."

"హాచ్!"

"నూరేండ్లు!" అనింది అవ్వ వంటింట్లోంచి.

గంగులప్ప గబగబా నీళ్లిచ్చినాడు. తాగి, కాసేపు కూసోని, మళ్లా మొదలుపెట్టినాడు కృష్ణప్ప. "మాకు నచ్చి..."

"హాచ్!"

మళ్లా నీళ్లు. మూలన రెడ్డెప్ప మిక్చరు నములుతా మీసం దువ్వుకుంటాండాడు. అది సూసి రూపకు ఏడుపొచ్చింది, ఆ ఎనకాలే కోపమొచ్చింది.

"ఇంగ నీళ్లు వద్దులేప్పా, కడుపు చెరువైపాయ," అని లేసినాడు కృష్ణప్ప. "శకునం బాలేదు. పదరా పోదాం."

రాజేంద్ర లేసినాడు. నేరుగా జీపుకాడికి పోయి ఇంజను ఆపేసినాడు.

"ఒరేయ్! ఆపేసినావేందిరా? ఎవుడు తోస్తాడు, మీ తాతా?"

"నేనే తోస్తా నాయనా. పొగకు ఆ తలుపుకు ఊపిరాడ్డంలే, శకునమూ లే గికునమూ లే. నువ్వు చెప్పాలనుకునింది చెప్పు."

అందరూ తలుపు దిక్కే సూస్తాండారు. తలుపు ముక్కు ఎగబీల్చింది, అంతే.

కృష్ణప్ప నోరు తెరిచేలోపలే, "నాకు నచ్చినాడు," అనేసింది రూప. రెడ్డెప్ప నోట్లో మిక్చరు నోట్లోనే ఉండిపాయ.

సంబంధం ఖాయం చేసుకోని పోయేటప్పుడు కృష్ణప్ప స్టీరింగు పట్టుకుంటే, వీధి వీధంతా జీపు తోసింది. పట్టుచీర ఎగ్గట్టి రూప గూడా, రాజేంద్ర పక్కనే.

"నువ్వు యాల తోస్తాండావు?" అని అడిగినాడు రాజేంద్ర.

"రేపట్నుంచి ఎట్లాగూ తోయాల్సిందే గదా, అలవాటు కానీ."

బుర్రుమని లేసి, ఇద్దరి మొగాల మిందా ఇంత పొగ కక్కింది జీపు.

"హాచ్! హాచ్!" అనింది తలుపు.

అవ్వ పొరక పట్టుకోనే బయటికొచ్చింది. ఈసారి తలుపు దిక్కు సూళ్లేదు. మసి మొగాలేసుకోని నగుతాండే ఆ ఇద్దర్నీ సూసి, "నూరేండ్లు!" అనింది.