మూడోసారి అడగాలి

మా ఊరి హాల్లో మంగళవారాలు మగవాళ్ళు చెక్కపని చేసుకుంటారు. విరిగిన కుర్చీలు బాగుచేస్తారు, టీ తాగుతారు, ఆరోగ్యం సంగతి మాత్రం ఎత్తరు. ఆ మంగళవారం ఆరోగ్య శాఖ నుంచి ఆనెకె అనే నర్సు వచ్చింది. హాలండ్ పిల్ల. ఐర్లండ్‌కి వచ్చి రెండు నెలలే. ఆమె మా హాలువాళ్ళలో ఒకరికి బీపీ చూడటం నేర్పాలి, మేము ఆమెకి మా మనుషులతో ఎలా మెలగాలో నేర్పాలి. అదీ ఒప్పందం.

నేర్చుకుంటానని ముందుకొచ్చింది హాల్లో మాకు టీ పెట్టే అట్రాక్టా. ఆమెకి ఇందులో స్వార్థం ఉంది. మాతోపాటు చెక్కపని చేసే ఆమె తమ్ముడు జార్లత్ నెల రోజులుగా ఇంట్లో మెట్లెక్కుతూ మధ్యలో ఆగిపోతున్నాడు. ఏమిట్రా అంటే, కిటికీలోంచి వాన చూస్తున్నానంటాడు. ఆ మెట్ల దగ్గర కిటికీ లేదు.

ఆనెకె మా పదకొండు మందినీ బీపీ చూడనా అని అడిగింది. పదకొండు మందీ "వద్దమ్మా, నాకేం, బాగానే ఉన్నా" అన్నారు. ఆమె అందరి పేర్ల ఎదురుగా 'నిరాకరించారు' అని రాసి, సంచి సర్దడం మొదలుపెట్టింది.

"ఎన్నిసార్లు అడిగావమ్మాయ్?" అంది అట్రాక్టా.

"ఒకసారి. వద్దన్నారు కదండీ."

రంపాలు ఆగిపోయాయి.

"మీ ఊళ్ళో ఇంటికొచ్చినవాళ్ళని టీ కూడా ఒక్కసారే అడుగుతారా?"

"అవునండీ. కావాలనుకుంటే కావాలంటారు."

"పాపం, ఎంతమంది గొంతెండి వెళ్ళిపోయారో! మొదటిసారి వద్దనడం మర్యాద. రెండోసారి వద్దనడం నీకు శ్రమ అని. మూడోసారి అడిగితేనే నిజంగా అడిగినట్టు. అదీ ఎదురుగా నిలబడి కాదు. పక్కన నిలబడి, చెక్క వంక చూస్తూ అడుగు."

ఆనెకె స్టూలు బాగుచేస్తున్న ఫెస్టస్ పక్కన చేరి, దాని కాలు చూస్తూ మూడుసార్లు అడిగింది. "అంతగా అంటున్నావు కాబట్టి," అన్నాడు ఫెస్టస్. స్వెటర్ చెయ్యి ఒకటి రెండోసారికే పైకి మడిచేశాడు.

అట్రాక్టా మడవని ఇంకో చేతికి బీపీ పట్టీ చుట్టింది.

"స్వెటర్ మీద కాదండీ, స్వెటర్‌కి బీపీ ఉండదు," అంది ఆనెకె. "ముందు ఐదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చోవాలి."

"అతనా, నేనా?"

"ఇద్దరూ."

"ఇది మాత్రం ఆవిడ వల్ల కాదు," అన్నారెవరో.

పదిమంది అయ్యారు. జార్లత్ మాత్రం మూడోసారీ వద్దన్నాడు, నాలుగోసారీ వద్దన్నాడు. అట్రాక్టా ముఖం ఎర్రబడింది. తిడుతుందనుకున్నాం. కానీ ఆమె తమ్ముడి పక్కన కుర్చీ లాక్కుని, ఒళ్ళో పట్టీ పెట్టుకుని, నోరు మెదపకుండా కూర్చుంది. ఒక నిమిషం. రెండు. నాలుగు.

"అక్కా, భయమేస్తోంది. ఏదో ఒకటి తిట్టు," అన్నాడు జార్లత్.

ఆమె తిట్టలేదు. అతను నెమ్మదిగా చొక్కా చెయ్యి మడిచాడు.

నూట తొంభై. ఆనెకె మళ్ళీ చూసింది. మళ్ళీ అదే అంకె. బయటికెళ్ళి ఫోన్ చేసి వచ్చింది. "డాక్టరు ఇప్పుడే రమ్మన్నారు."

"నువ్వూ వస్తావా?" అన్నాడు జార్లత్ చిన్నగా.

"నేనెందుకురా, అరవై ఏళ్ళొచ్చాయి నీకు," అంది అట్రాక్టా, అప్పటికే కోటు బొత్తాలు పెట్టుకుంటూ.